నీలమా, నారింజా

కళ్ళద్దాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ సర్వరమ్మ అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. ఒకరోజు ఆమే ఫోనెత్తి, "ఆఁ, సర్వరమ్మనే మాట్లాడుతున్నా, చెప్పండి" అనేసరికి అవతలివాడు ఖంగుతిన్నాడు. ఇంక దాపరికం దేనికని అప్పట్నుంచి ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు.

ఆమె అక్కడ చేరింది టైపిస్టుగా. కళ్ళజోళ్ళ దుకాణాల నుంచి చీటీలు వచ్చేవి. కుడి కంటికి ఇంత, ఎడమ కంటికి ఇంత, చదవడానికి ఇంత. ఆ అంకెల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. వాటిని బట్టే లోపల యంత్రాలు అద్దాలకు సాన పట్టేవి. కంప్యూటర్ ఆగిపోతే మిగతా టైపిస్టులు హమ్మయ్య అనుకుని టీకి వెళ్ళేవాళ్ళు. ఈమె మాత్రం బాగుచేయడానికి వచ్చిన ఇంజినీరు వెనకాల నిలబడి, "ఎందుకు ఆగిందండీ? ఇప్పుడేం చేశారు? అలా ఎందుకు చేశారు?" అని ప్రాణం తోడేసేది. ఆయన విసిగి వేసారి, "అమ్మా తల్లీ, ఇది చదువుకో, నన్నొదిలెయ్" అని ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టాడు. వదిలించుకుందామని ఇచ్చిన పుస్తకంతోనే ఆమె ఆయన్ని గట్టిగా పట్టుకుంది. సాయంత్రం క్లాసులకు వెళ్ళింది, పరీక్షలు రాసింది. ఆయన రిటైరయ్యేనాటికి, ఫ్యాక్టరీ కంప్యూటర్లన్నిటినీ నడిపే పెద్ద యంత్రాలుండే సర్వర్ గది తాళాలు ఎవరికివ్వాలన్న ప్రశ్నే ఎవరికీ రాలేదు.

ఆ గదిలో ఎప్పుడూ చలే. ఆమె కుర్చీ వీపున ఒక ఊలు స్వెట్టరు ఏడాది పొడుగునా వేలాడేది. ఒకప్పుడు అక్కడ శాఖకో సర్వరు ఉండేది. ఆర్డర్ల సర్వరు మోయలేక రొప్పుతుంటే పక్కనే జీతాల సర్వరు నెలాఖరు దాకా కునుకు తీస్తుండేది. ఆమె ఇన్‌ఛార్జి అయ్యాక వాటన్నిటినీ కలిపి ఒకే ఉమ్మడి సొత్తు చేసి, ఎవరికెంత కావాలో అంత వాటా పంచే సాఫ్ట్‌వేర్ పెట్టించింది. ఎవరికైనా కొత్త కంప్యూటర్ కావాలంటే ఇనప డబ్బా కొననక్కర్లేదు, ఆ సొత్తులోంచి ఒక వాటా తీసిస్తే అదే కంప్యూటర్. పరాయివాళ్ళ సర్వర్లు అద్దెకు తీసుకోకుండా సొంతవాటితోనే ఇలా నడుపుకోవడాన్ని ప్రైవేట్ క్లౌడ్ అంటారు.

బాగానే నడిచింది, ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ చేతులు మారేదాకా. కొత్త యజమానులు రాగానే, మీ దగ్గరున్న రకాన్ని ఇంక మేం చూడం, మార్చుకోండి అని చెప్పేశారు. సరే మార్చుకుందామని చూస్తే, లోపలున్న వాటాలన్నీ వాళ్ళ పద్ధతిలోనే బిగించి ఉన్నాయి. ఇంకో చోటికి తీసుకెళ్దామంటే ఒక్కోదాన్నీ విప్పి మళ్ళీ కట్టుకోవాల్సిందే. రండి రండి అని పీట వేసి, కూర్చున్నాక తలుపుకు తాళం వేసినట్టయింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది తనే కాబట్టి ఆమెకు ఇది ముల్లులా గుచ్చుకుంది.

ఫ్యాక్టరీ పెద్దాయన ఆమెను పిలిచి, "కొత్తది నువ్వే చూడమ్మా. మార్కెట్లో రెండే గట్టివి ఉన్నాయంటున్నారు. ఏది తీసుకోవాలో తేల్చు. ఒక్కటే మాట, అద్దాలు ఆగకూడదు" అన్నాడు.

ఆ రెంటికీ ఏవో పొడుగాటి పేర్లున్నాయి. ఆఫీసులో ఎవరికీ నోరు తిరగలేదు. తెర రంగుని బట్టి ఒకటి నీలం, ఒకటి నారింజ అయిపోయాయి. ఆమె కింద పనిచేసే పొడుగు, ఆరడుగుల పైచిలుకు మనిషి కాబట్టి ఆ పేరు, ఇంటర్నెట్లో రెండు రోజులు గాలించి వచ్చి, "మేడమ్, నీలం గొప్పదని సగం మంది, నారింజ గొప్పదని సగం మంది. ఇద్దరూ రెండోదాన్ని తిడుతున్నారు" అన్నాడు.

"అంటే మనకేం తెలిసినట్టు?"

"తిట్లు తెలిశాయి మేడమ్."

ముందు నీలం కంపెనీ ఆయన వచ్చి తన సరుకు గురించి చెప్పుకుని వెళ్ళాడు. బట్టతల మనిషి, మాట తక్కువ. మర్నాడు నారింజ వాళ్ళ వంతు. సర్వరమ్మ, పొడుగు, పెద్దాయన మీటింగ్ గదిలో కూర్చున్నారు. తలుపు తెరుచుకుంది. ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని ల్యాప్‌టాప్ బ్యాగుతో లోపలికి వచ్చింది చిన్ని.

చిన్ని ఎవరో కాదు, సర్వరమ్మ మరిది భార్య. స్వయానా తోడికోడలు. ఒకే ఇంట్లో వీళ్ళు కింద, వాళ్ళు పైన. వంట ఒక్కటే. ఆ పొద్దునే ఇద్దరూ ఒకే స్టవ్ దగ్గర నిలబడి టిఫిన్ డబ్బాలు కట్టుకున్నారు. చిన్ని కంప్యూటర్ కంపెనీలో చేరిందని అక్కకు తెలుసు, ఏ సరుకు అమ్ముతుందో తెలియదు. అక్క ఏదో కొనే పనిలో ఉందని చెల్లికి తెలుసు, ఏమిటో తెలియదు. ఈ ఫ్యాక్టరీని చిన్నికి అప్పగించింది కూడా ముందురోజు సాయంత్రమే, పేరు లేకుండా "ఆప్టికల్ క్లయింటు" అని మాత్రమే చెప్పి. గేటు దాకా వచ్చాకే ఇది అక్క పనిచేసే చోటని తెలిసింది, కొనేది అక్కేనని మాత్రం ఈ గదిలోకి అడుగుపెట్టాకే. ఆఫీసు సంగతులు గడప దాటించకూడదన్నది ఇద్దరికీ ఉన్న మంచి అలవాటు. ఆ మంచి అలవాటే ఇప్పుడు కొంప ముంచింది.

చిన్ని మొహం పాలిపోయింది. అయినా తమాయించుకుని, "నమస్కారం మేడమ్" అంది.

సర్వరమ్మ నోట్లోంచి రావాల్సిన నమస్కారం రాలేదు. "నా డబ్బా నువ్వు తెచ్చేశావే" అని వచ్చింది. చిన్ని బ్యాగులోంచి తొంగిచూస్తున్న మూత ఆమెది.

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. సర్వరమ్మ లేచి నిలబడింది.

"సార్, ఈ అమ్మాయి మా తోడికోడలు. తనొస్తుందని నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఈ రెంట్లో ఏది మంచిదో తేల్చే పని నేను చేయకూడదు."

పెద్దాయన నవ్వాడు. "నీ సంగతి నాకు తెలీదా అమ్మా? కూర్చో."

"మీకు తెలుసు సార్. నిన్న వచ్చినాయనకు తెలియదు కదా. నారింజ నెగ్గితే చుట్టరికం అంటాడు. ఓడితే మా ఇంట్లో..." అని ఆగిపోయింది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అంతలో ఆమెకు ఒక దారి తోచింది.

ఆమె తల్లి బట్టలు కుట్టేది. చిన్నప్పుడు బట్టల కొట్టుకు వెంట తీసుకెళ్ళేది. కొట్టువాడు గుడ్డ తాను విప్పి మిలమిల మెరిపిస్తుంటే, ఆవిడ ఒక అంచు తడిపి, నలిపి, వెలుతురులో పెట్టి చూసేది. మడతలో ఉన్న గుడ్డని చూసి మురిసిపోకూడదే అనేది. ఈ మీటింగులన్నీ మడతలో గుడ్డలే.

"సార్, మాటలతో తేల్చొద్దు. ఇద్దర్నీ మన సర్వర్ గదిలో పెట్టనిద్దాం. మన పనికే నకలు తీసి ఇద్దరికీ ఇద్దాం. పరీక్షలేంటో నేను రాస్తాను. ఇద్దరికీ ఒకేసారి పంపుతాను. మార్కులు మాత్రం నేను వెయ్యను. పొడుగు వేస్తాడు, అరుపులక్క వేస్తుంది."

అరుపులక్క అంటే సాన యంత్రాల ఫ్లోర్ ఇన్‌ఛార్జి. యంత్రాల హోరులో మాట్లాడీ మాట్లాడీ ఆవిడ మెల్లగా మాట్లాడటమే మరిచిపోయింది. ఆవిడకు కంప్యూటర్లంటే మోజూ లేదు, భయమూ లేదు. పని అవుతుందా కాదా, అంతే.

పెద్దాయన సరేనన్నాడు. బట్టతలాయన కూడా ఫోన్లో అంతా విని, కాసేపు ఆలోచించి, "ఇలా చెప్పేవాళ్ళు తక్కువండీ" అని ఒప్పుకున్నాడు.

ఇంట్లో మాత్రం కథ వేరే. సాయంత్రానికి అత్తగారి చెవిన పడింది.

"ఏమే పెద్దదానా, ఇంట్లో పిల్లని పెట్టుకుని పరాయివాళ్ళ దగ్గర కొంటావా?"

"ఇంకా ఎవరి దగ్గరా కొనలేదు అత్తయ్యా."

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు."

"అది చిన్నితో చెప్పండి. గెలవాల్సింది తను."

"అసలు ఏంటే మీరు అమ్మేదీ కొనేదీ? క్లౌడంటే మబ్బటగా. మబ్బులో నీలమేంటి, నారింజేంటి?"

అన్నదమ్ములిద్దరూ అడకత్తెరలో పోకచెక్కలయ్యారు. సర్వరమ్మ భర్త పేపరు అడ్డం పెట్టుకున్నాడు. చిన్ని భర్త పంచదార లేని టీని ఎంతో శ్రద్ధగా కలుపుతూ కూర్చున్నాడు.

చిన్ని నోరు తెరిచి ఏదీ అడగలేదు. కొత్త ఉద్యోగంలో తన చేతికొచ్చిన మొదటి పెద్ద బేరం అది. అది నిలబడితేనే తనూ నిలబడుతుంది. ఒక సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు మడతపెడుతూ, దుప్పటికి రెండో కొస పట్టుకున్నప్పుడు మాత్రం ఉండబట్టలేకపోయింది.

"అక్కా, పరీక్షల్లో ముందు ఏది పెడుతున్నారు?"

దుప్పటి రెండు కొసలూ కలిశాయి. సర్వరమ్మ దాన్ని తీసుకుని ఇంకో మడత వేసింది.

"రేపు పదింటికి కాగితం వస్తుంది చిన్నీ. వాళ్ళకీ పదింటికే."

చిన్ని తలూపింది. మిగిలిన బట్టలు ఎవరివి వాళ్ళు మడతపెట్టుకున్నారు. ఆ మాట అన్నందుకు సర్వరమ్మకు పశ్చాత్తాపం లేదు కానీ, మెట్లు దిగుతూ ఒకసారి ఆగి వెనక్కి చూసింది.

పరీక్షలు మొదలయ్యాయి. సర్వర్ గదిలో ఎడమవైపు నీలం, కుడివైపు నారింజ. రెంటి మీదా అవే ఆర్డర్లు, అవే జీతాలు, అవే స్టాకు లెక్కలు.

మొదట అరుపులక్కను కూర్చోబెట్టారు. ఫ్లోర్‌కి ఒక కొత్త కంప్యూటర్ వాటా కావాలి, ఎవరి సాయం లేకుండా తనే తీసుకోవాలి. నారింజ తెర ముందు కూర్చుని ఆవిడ నాలుగు చోట్ల నొక్కింది, వాటా వచ్చేసింది. "ఇంతేనా!" అని అరిచింది. నీలం తెర ముందు కూర్చున్నాక ఆవిడకు చెమటలు పట్టాయి. ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి, అందులోంచి మళ్ళీ మొదటి పేజీకి. "ఇది కొన్నోళ్ళకు కాళ్ళనొప్పులు కూడా వస్తాయా?" అంది. బట్టతలాయన సిగ్గుపడి ఏదో రాసుకున్నాడు. చిన్ని పెదవుల మీద నవ్వు కనపడనీయకుండా కిందికి చూసింది.

తర్వాత, కొత్తగా చేరిన గుమాస్తా పేరుతో లోపలికెళ్ళి జీతాలు చూడబోయారు. రెండూ గడపలోనే ఆపేశాయి. సమానం.

ఆ తర్వాతది అందరూ ఊపిరి బిగబట్టి చూసినది. ఆర్డర్లు పరుగెడుతుండగా పొడుగు వెళ్ళి ఒక సర్వరు ప్లగ్గు పీకేశాడు. నీలం దగ్గర ఆ సర్వరు మీదున్న పనిని పక్క సర్వర్లు పంచుకున్నాయి. తెర మీద ఆర్డర్లు ఒక్క క్షణం తడబడి మళ్ళీ నడక అందుకున్నాయి. నారింజ కూడా లేచి నిలబడింది కానీ, కాస్త ఆవులించి లేచింది. అరుపులక్క పొడుగు చెవిలో, అంటే గదంతటికీ వినపడేలా, "రెండూ బతికాయి, ఇది కొంచెం బద్ధకం" అంది.

అప్పటికి మార్కులు దాదాపు సరిసమానం. మిగిలింది ఆఖరిది. పాత సాఫ్ట్‌వేర్ దగ్గర తగిలిన దెబ్బను తలుచుకుంటూ సర్వరమ్మ పెట్టిన పరీక్ష అది: రేపు మేము మిమ్మల్ని వదిలి వెళ్ళాలనుకుంటే, మా వాటాలన్నీ ఎక్కడైనా నడిచే రూపంలో మా చేతిలో పెట్టండి. ఇప్పుడే, మా కళ్ళ ముందే.

బట్టతలాయన ఆ వికారమైన తెర మీదే అటూ ఇటూ తిరిగి ఒక బొత్తాం నొక్కాడు. వాటాలు బయటికొచ్చాయి. పొడుగు వాటిని తీసుకెళ్ళి వేరే మామూలు సర్వరు మీద పెడితే, నడిచాయి.

చిన్ని వంతు వచ్చింది. ఆమె వెంట వచ్చిన పై అధికారి చక్కగా గొంతు సవరించుకుని, "ఆ సౌకర్యం మా ప్రణాళికలో ఉందండీ, దాదాపు సిద్ధమే అనుకోండి, మీరు కొనేలోపు..." అంటూ మొదలుపెట్టాడు.

పొడుగు పెన్ను ఎత్తి, "అంటే కుదురుతుందని రాసుకోవచ్చా?" అని అడిగాడు.

అధికారి తలూపబోయాడు. అంతలో చిన్ని అంది, "వద్దండీ, అలా రాయకండి. మా పద్ధతిలోనే బయటికొస్తాయి, ఇంకోచోట నడవవు. ఎప్పటికి అవుతుందో మా ఇంజినీర్లు నాకు తేదీ చెప్పలేదు. ఇప్పటికైతే కుదరదు."

గొంతు వణికింది కానీ మాట వణకలేదు. అధికారి ఆమె వైపు చూసిన చూపులో పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. సర్వరమ్మ తలెత్తలేదు. చేతిలో కాగితం మీదే కళ్ళు పెట్టుకుని కూర్చుంది.

నీలం నెగ్గింది. కాళ్ళనొప్పుల తెరను సరిచేసి ఇవ్వాలన్న షరతు మీద.

ఆ సాయంత్రం చిన్ని పైనుంచి కిందికి రాలేదు. మర్నాడు వచ్చింది, తన డబ్బా తను కట్టుకుని వెళ్ళింది. ఆ మర్నాడూ అంతే. అత్తగారు మూడు రోజులు చూసి నాలుగో రోజు కోడళ్ళిద్దర్నీ వంటింట్లో నిలబెట్టింది.

"కోడళ్ళు ఎడమొహం పెడమొహం అయితే అత్తకు సంబరం అంటారు. నాకేం సంబరంగా లేదే. ఉప్పు ఇద్దరూ వేస్తున్నారు, లేదంటే ఇద్దరూ మానేస్తున్నారు. మీరేదో తేల్చుకోండి, నాకు తిండి కుదరాలి" అని గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

చిన్ని గిన్నె తుడుస్తూనే అంది, "మీరు గెలిపించలేదని కాదక్కా నా కోపం. ఆ ఆఖరి ప్రశ్న మా వాళ్ళని నేనే ముందు అడిగుండాల్సింది. కాగితం వచ్చిన రోజే అడిగాను. అప్పటికి ఆలస్యమైంది. పైగా మా సారు, ఒక్క అవును అంటే నీ సొమ్మేం పోయిందమ్మా అని అందరి ముందూ అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"వాళ్ళు రేపు చిక్కుకుంటే పోయేది నా పేరే కదండీ అన్నా."

సర్వరమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది. "ఆ రోజు నువ్వు కుదరదని చెప్పినప్పుడు నేను నీ వైపు చూడలేదు, గమనించావా?"

"గమనించా. కోపమొచ్చిందేమో అనుకున్నా."

"కోపమా! తలెత్తితే నా మొహం చూసి అందరికీ తెలిసిపోయేది చిన్నీ. ఇది మా ఇంటి పిల్ల అని బల్ల ఎక్కి చెప్పాలనిపించింది. ఇన్నేళ్ళలో సాఫ్ట్‌వేర్ అమ్మడానికి ఎంతమందో వచ్చారు. మా దగ్గర ఇది లేదు అని చెప్పినవాళ్ళని నేను చూడలేదు. నువ్వే మొదలు."

చిన్ని కళ్ళు తుడుచుకుని, "అయితే ఆ మాట మా సారుకో ఉత్తరం ముక్క రాయకూడదా?" అంది నవ్వుతూ.

"రాయను. చుట్టరికం అంటారు."

ఇద్దరూ పకపకా నవ్వారు. ముందు గదిలోంచి అత్తగారు, "ఉప్పు ఎవరు వేస్తున్నారో తేలిందా?" అని కేకేసింది.

చిన్ని ఊరుకునే రకం కాదు. ఆ పరీక్షల కాగితాన్ని పట్టుకెళ్ళి తమ ఇంజినీర్ల ముందు పెట్టి, ఒకప్పుడు వాళ్ళక్క ఆ పాత ఇంజినీరును తోడినట్టే వాళ్ళ ప్రాణాలు తోడేసింది. బయటికి వెళ్ళే దారి లేని ఇంట్లోకి ఎవరూ రారు అని పోరింది. కొన్ని నెలలకు నారింజలో ఆ బొత్తాం వచ్చింది. అది వచ్చాక ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు చిన్ని దగ్గరే కొన్నారు. ఒక్క అవును అంటే నీ సొమ్మేం పోయిందన్న ఆ సారే ఆమె బల్ల దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. ఆ కబురు ఇంటికి మోసుకొచ్చిన రోజు అత్తగారు పక్కింటివాళ్ళను పిలిచి మరీ, "మా చిన్నకోడలు అమ్ముతుంది, మా పెద్దకోడలు కొంటుంది, కానీ ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు కొనరు. అంత నిక్కచ్చి మనుషులు" అని చెప్పుకుంది.

ఇక్కడ ఫ్యాక్టరీలో సర్వరమ్మ, పొడుగు, మిగతా బృందం కలిసి పాతదాంట్లోంచి ఒక్కో వాటానే విప్పి నీలంలోకి తెచ్చుకున్నారు. ముందు ఎవరికీ పెద్దగా పట్టని స్టాకు లెక్కలు, తర్వాత జీతాలు, చిట్టచివరికి ప్రాణంలాంటి ఆర్డర్లు. ఆర్డర్లు మార్చిన రోజు ఎవరికీ చాటింపు వేయలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ ఫ్లోర్ కాస్త నెమ్మదించినప్పుడు పొడుగు ఆమె వైపు చూశాడు, ఆమె కానీమంది. అంతే.

మర్నాడు ఫ్లోర్ మీద అరుపులక్క ఎదురుపడింది. నడుం మీద చేతులేసుకుని, "ఏంటి సర్వరమ్మా, ఆ కొత్తది ఇంకెప్పుడు పెడతారు? పెట్టే రోజు ముందే చెప్పు, యంత్రాలు ఆగుతాయి కదా, మా వాళ్ళకు సెలవిస్తాను" అంది.

"నిన్ననే పెట్టేశాం అక్కా."

"నిన్నా? ఏ పూట?"

"మీరు అన్నం తిని చేయి కడుక్కునే లోపు."

అరుపులక్క జీవితంలో మొదటిసారి నోరు తెరిచి, శబ్దం లేకుండా నిలబడింది. తర్వాత అలవాటైన గొంతు తిరిగొచ్చి, "ఒరేయ్, మనం కొత్తదాని మీదే నడుస్తున్నాంట్రా! నిన్నట్నుంచి!" అని ఫ్లోర్ అంతా మోగించింది. సానల దగ్గరున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. కొందరు చేతిలో ట్రేలను బల్లల మీద టకటకా కొట్టారు. చేసిన పని ఎవరికీ తెలియకపోవడమే తన పనితనమని సర్వరమ్మ ఎప్పుడూ అనుకునేది. కానీ ఆ టకటకలు వింటుంటే, తెలిసినా బాగానే ఉంటుందని ఆమెకు అర్థమైంది. నవ్వు దాచుకుందామని కళ్ళజోడు తీసి తుడిచింది, తుడిచిందే మళ్ళీ తుడిచింది.

గదిలోకొచ్చి స్వెట్టరు తొడుక్కుంది. ఎవరికైనా చెప్పుకుంటే తప్ప కడుపు నిండేలా లేదు. ఫోన్ తీసి చిన్నికి చేసింది.

"ఆర్డర్లు కూడా మార్చేశాం."

"ఒక్క ఆర్డరూ ఆగలేదా అక్కా?"

"ఒక్కటీ ఆగలేదు. ఫ్లోర్ వాళ్ళకి మార్చిన సంగతే తెలియలేదు."

"అక్కా, మీరు మామూలు మనిషి కాదు" అంది చిన్ని. తర్వాత అమ్మకాల గొంతు పెట్టి, "అదే మాదైతే ఇంకో నిమిషం ముందే అయ్యుండేది మేడమ్" అంది.

"నీ ఆవులింతల సరుకుతోనా? పెట్టెయ్ ఫోను, పనుంది" అంది సర్వరమ్మ. కానీ ఇద్దరిలో ఎవరూ పెట్టలేదు.